ఇంట్లో ఇరానీ చాయ్: పొడి ఎంపిక నుంచి దమ్ దాకా

ఇంట్లో ఇరానీ చాయ్ కుదరకపోతే నింద పాల మీదికో స్టవ్ మీదికో పోతుంది. సగం తప్పు దుకాణంలోనే జరిగిపోయి ఉంటుంది. పొడిని ధర చూసి కాదు, ఎలా కాస్తామో చూసుకుని కొనాలి. దాదాపు అరగంట దమ్ మీద, అంటే మూత బిగించి సన్నని సెగ మీద, ఉండే డికాక్షన్‌కు ఒక రకం, పాలతో కలిపి ఐదు నిమిషాలు మరిగించే అల్లం చాయ్‌కు ఇంకో రకం.

మన దగ్గర అమ్మేది దాదాపు అంతా సీటీసీ. అంటే ఆకును పళ్ల రోలర్ల మధ్య నలిపి, చీల్చి, చిన్న చిన్న గుండ్లుగా చుట్టిన పొడి. గుండ్లు పెద్దగా ఉంటే ఆకు టీ, బాగా సన్నగా ఉంటే డస్ట్. డస్ట్ రంగునూ ఘాటునూ తొందరగా వదులుతుంది. ఆకు టీ నిదానంగా దిగుతుంది, వాసన మాత్రం బాగుంటుంది. చిక్కటి పాలను తట్టుకుని నిలబడాలి కాబట్టి ఇరానీ చాయ్‌కు డస్టే సరి. అల్లం చాయ్‌కు ఆకు టీ మేలు. అందులో డస్ట్ వేసి మరిగిస్తే రెండు నిమిషాలకే వగరెక్కుతుంది.

అస్సాం పొడి రంగునూ గట్టిదనాన్నీ ఇస్తుంది, నీలగిరి పొడి సువాసనను ఇస్తుంది. మూడు వంతుల అస్సాంకు ఒక వంతు నీలగిరి కలిపితే రెండూ వస్తాయి. అయితే రెండింటి గుండ్లూ ఒకే సైజులో ఉండాలి. లేదంటే సన్నపొడి డబ్బా అడుగుకు జారిపోయి, నెల మొదట్లో పలచటి చాయ్, నెలాఖరుకు చేదు చాయ్ తాగాల్సి వస్తుంది. డార్జిలింగ్ ఆకును మాత్రం దమ్‌కు పెట్టకండి. అది పాలు లేకుండా, మరిగి కాస్త చల్లారిన నీళ్లలో మూడు నిమిషాలు నానబెట్టి తాగే టీ.

బేగంబజార్‌లో లూజు పొడి కొంటే ముందు వంద గ్రాములే తీసుకోండి. బస్తా పక్కన ఏముందో చూడండి. టీ పొడి తేమనూ వాసననూ ఇట్టే లాగేస్తుంది, ధనియాలూ మిరపకాయలూ పక్కనే ఉంటే ఆ వాసనంతా పొడికి పడుతుంది. పొడి నల్లగా, ఒకే తీరుగా ఉండాలి. గోధుమరంగు పుల్లలూ పీచూ ఎక్కువుంటే నాసిరకం. ఇంటికొచ్చాక అయస్కాంతం తిప్పితే ఇనుప రజను ఉంటే అంటుకుంటుంది. తడిపిన ఫిల్టర్ పేపర్ మీద చిటికెడు చల్లి, కాసేపయ్యాక పొడి తీసేసి, కాగితాన్ని కడిగి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ముదురు మరకలు కనిపిస్తే రంగు కలిపినట్టు.

రుచి పరీక్షకు రెండు గ్రాముల పొడి, వంద మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు, ఆరు నిమిషాలు. టీ రుచి చూసేవాళ్లకు ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన కొలత ఇదే. వడకట్టి చెంచాడు పాలు పోయండి. బంగారు రంగుకు తిరిగితే పొడి మంచిది. బూడిద రంగుకు తిరిగితే పాతది, లేదా బలం లేనిది. పాకెట్ అయితే ధర కన్నా ముందు ప్యాకింగ్ తేదీ చూడండి. ఏదైనా సరే, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో, మసాలా డబ్బాలకు దూరంగా పెట్టండి. వానాకాలంలో తడి చెంచా తగిలితే ఆ డబ్బా పని అయిపోయినట్టే.

ఇక నీళ్లు. బోరు నీళ్లతో కాస్తే చాయ్ మీద తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది. ఆ నీళ్లలోని సున్నం చేసే పని అది. నల్లా నీళ్లో, ఫిల్టర్ నీళ్లో వాడండి.

ఐదు ఇరానీ కప్పులకు కొలతలు: నీళ్లు 400 మిల్లీలీటర్లు, డస్ట్ 15 గ్రాములు (సుమారు ఐదు సమమైన టీ చెంచాలు), చక్కెర నాలుగైదు చెంచాలు, ఫుల్ క్రీమ్ పాలు అర లీటరు, దంచిన యాలకులు రెండు. ఫుల్ క్రీమే ఎందుకంటే దాంట్లో వెన్న ఆరు శాతం ఉంటుంది, టోన్డ్ పాలలో మూడే. టోన్డ్ పాలను ఎంత కాచినా ఆ మందం రాదు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో నీళ్లు మరిగాక పొడి, చక్కెర వేసి, ఒక్క పొంగు రానిచ్చి సెగ పూర్తిగా తగ్గించండి. మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించండి. పిండి వద్దనుకుంటే తడిగుడ్డ చుట్టి పైన బరువు పెట్టండి, గుడ్డ కొసలు మంటకు తగలకుండా చూసుకోండి. ఇరవై ఐదు నిమిషాలు. లోపల డికాక్షన్ కళపెళ మరగకూడదు, ఆవిరి బయటికి రాకూడదు. ఆవిరి పోతే వాసన కూడా పోతుంది, మిగిలేది వగరే. ఈ వగరును చిక్కటి పాలు చాలావరకు అణచేస్తాయి. పాలలోని ప్రోటీన్ టీలోని టానిన్లను పట్టేసుకుంటుంది. అందుకే పాలు పలచనైతే దమ్ చాయ్ నాలుకను పట్టేస్తుంది.

ఈలోపు ఇంకో స్టవ్ మీద పాలు, యాలకులు వేసి సన్నని సెగ మీద 300 మిల్లీలీటర్లకు తగ్గేదాకా కాచండి. మధ్యమధ్య గిన్నె అంచుకు కట్టిన మీగడను గరిటెతో గీరి పాలలోకే తోయండి, పారేయకండి. తొందరుంటే చెంచాడు పచ్చికోవా కలిపి పది నిమిషాల్లో ముగించవచ్చు. అయితే అది కోవా రుచే, కాగిన పాల రుచి కాదు.

డికాక్షన్ వడకట్టి, కప్పులో ముందు అది సగం, తర్వాత పాలు సగం. రెండూ వేడిగా ఉండాలి. కలిపాక మళ్లీ స్టవ్ మీద పెట్టకండి. కడక్ కావాలంటే కప్పులో డికాక్షన్ వంతు పెంచండి గానీ పొడి పెంచొద్దు. పొడి పెంచితే ఘాటు కన్నా ముందు చేదు వస్తుంది. వడకట్టేటప్పుడు పొడిని చెంచాతో నొక్కి పిండితే కూడా అంతే.

ఇరానీ చాయ్‌లో అల్లం వేయరు, వేసుకునేవాళ్లను ఎవరూ ఆపరు కూడా. మామూలు అల్లం చాయ్‌లో మాత్రం ఒక జాగ్రత్త: పచ్చి అల్లం రసంలోని ఎంజైమ్ పాలను విరిచేస్తుంది. కాబట్టి దంచిన అల్లాన్ని ముందు నీళ్లలో మూడు నిమిషాలు మరిగించి, తర్వాత పొడి, ఆఖర్న పాలు. బెల్లమైతే స్టవ్ ఆపేశాకే.

మిగిలిన డికాక్షన్‌ను మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి పనికొస్తుంది, పాలు వేరుగా పెట్టుకోవాలి. చల్లారిన చిక్కటి డికాక్షన్ మట్టినీళ్లలా మసకగా మారుతుంది. పాడైందని పారబోయకండి, వేడి తగలగానే తేటపడుతుంది.