స్టూడియోలో రాక్ పాట రికార్డింగ్ మొరాయిస్తే ఏం చేయాలి?

సాధన గదిలో ఉర్రూతలూగించిన పాట స్టూడియోకు వెళ్లేసరికి నీరసపడిపోవడం కొత్త బృందాలకు తరచూ ఎదురయ్యేదే. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో గంటల లెక్కన అద్దె కట్టి రికార్డు చేసుకునే కుర్రాళ్లు అప్పుడు గిటారును, మైకును, చివరికి ఒకరినొకరు తప్పుపట్టుకుంటారు. నేను చూసినంతలో లోపం ఎక్కువగా వేగంలోనూ డ్రమ్స్‌లోనూ ఉంటుంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి.

స్టూడియోకు వెళ్లడానికి వారం ముందే వేగం తేల్చుకోండి. పాటను ఫోనులో మూడు రకాలుగా రికార్డు చేయండి: మీరు అనుకున్న వేగంలో ఒకటి, నిమిషానికి నాలుగు దరువులు తగ్గించి ఒకటి, నాలుగు పెంచి ఒకటి. మర్నాడు వినండి. పల్లవిలో గాయకుడికి ఊపిరి అందే వేగాన్నే ఎంచుకోండి. వేదిక మీద హుషారుగా అనిపించిన పరుగు రికార్డులో తొందరపాటుగా వినిపిస్తుంది. ఆ తర్వాత డ్రమ్మర్ క్లిక్ (చెవిలో టిక్ టిక్‌మంటూ వేగం చెప్పే శబ్దం) పెట్టుకుని ఒంటరిగా సాధన చేయాలి. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. అక్కడ మృదంగం నేర్చుకున్నవారు ఎవరైనా తెలిసి ఉంటే, పక్కన కూర్చుని తాళం వేయమని అడగండి. లయ ఎక్కడ జారుతోందో వారు ఇట్టే పట్టేస్తారు.

విజయనగరంలో రికార్డింగుకు తేదీ ఎంచుకునేటప్పుడు విజయదశమి తర్వాతి మంగళవారం వద్దు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున ఊరంతా మైకులు, జనమే!

స్టూడియోలో గిటారు తగిలించి, ఏమీ వాయించకుండా పది సెకన్లు రికార్డు చేయండి. హెడ్‌ఫోన్లలో సన్నని రొద వినిపిస్తే అది కరెంటుది కావచ్చు. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి రొద ఆ స్థాయిలోనో, దాని రెట్టింపులోనో ఉంటుంది. ట్యూబ్‌లైటు, ఫ్యాను రెగ్యులేటరు ఒక్కొక్కటే ఆపి చూడండి. సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను పట్టే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) గిటారైతే వాయించే మనిషి కాస్త పక్కకు తిరిగినా రొద తగ్గుతుంది. కంప్యూటర్, యాంప్లిఫయర్ వేర్వేరు గోడల ప్లగ్గుల్లో ఉంటే రెండింటినీ ఒకే బోర్డుకు మార్చండి. రొద పోతుందని ఎవరు చెప్పినా ఎర్త్ పిన్ను మాత్రం తీసేయకండి. ప్రాణం పోతుంది.

రికార్డింగ్ మీటరులో శబ్దం స్థాయి గరిష్ఠంగా మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగేలా చూడండి. స్థాయి మించి పగిలిన శబ్దాన్ని తర్వాత పూర్తిగా బాగుచేయలేరు.

రికార్డు చేసే వరుస ఇది: ముందు డ్రమ్స్, తర్వాత బేస్, రిథమ్ గిటారు, ఆపై గొంతు, చివర లీడ్ గిటారు. గాయకుడు వెనకబడుతున్నాడని కసురుకునే ముందు కంప్యూటర్‌లో బఫర్ (ఒక్కో విడతకు కంప్యూటర్ పోగుచేసుకునే శబ్దపు ముక్కల, అంటే శాంపిళ్ల, సంఖ్య) ఎంతుందో చూడండి. 48 కిలోహెర్ట్జ్ వద్ద 1024 శాంపిళ్లంటే సుమారు 21 మిల్లీసెకన్ల ఆలస్యం. తన గొంతే తనకు ఆలస్యంగా వినిపిస్తుంటే ఎవరైనా తడబడతారు. దాన్ని 128కి తగ్గిస్తే చాలాసార్లు గొడవ అక్కడే సమసిపోతుంది. రోజంతా డ్రమ్స్‌తో కుస్తీ పట్టాక రాత్రి పాడించకండి. గొంతుకు వేరే పూట కేటాయించండి.

ఫ్యాను ఆపేస్తే మన ఉక్కకు తీగల శ్రుతి మారిపోతుంది. ప్రతి టేకుకు ముందు సరిచూసుకోండి. ఒకే చోట పదేపదే తప్పుతుంటే పాటంతా మళ్లీ వాయించవద్దు. ఆ నాలుగు ఆవర్తాలే వాయించి అతికించుకోవచ్చు.

స్టూడియో వదిలే ముందు ప్రతి వాద్యం ట్రాకును విడిగా వేవ్ ఫైలుగా అడిగి తీసుకుని, రెండు వేర్వేరు డ్రైవుల్లో దాచండి. మిక్సింగ్ మరొకరితో చేయించాలన్నా అవే కావాలి.