అండర్-17 అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు రికార్డు: నోట్‌బుక్‌లో ఎలా రాసుకోవాలి, ఎలా చదవాలి

మన గోదావరి జిల్లాల్లో కబడ్డీ గురించి, వాలీబాల్ గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఫుట్‌బాల్ అలా కాదు. అందులోనూ అమ్మాయిల ఫుట్‌బాల్, అందులోనూ పదిహేడేళ్ల లోపు జాతీయ జట్టు అంటే “మనకి అలాంటిది ఒకటుందా అండీ” అని అడిగేవాళ్లే ఎక్కువ. ఉంది. ప్రపంచ కప్ కూడా ఆడింది. కాకపోతే ఫోన్‌లో వెతగ్గానే ముందు కనిపించేది 0-8 అన్న స్కోరు, అది చూసి “ఓహో, ఇంతేనా” అని వదిలేస్తారు. అమలాపురంలోనో పాలకొల్లులోనో హైస్కూల్ గ్రౌండ్‌లో బంతి తన్నే పిల్ల ఆ మాట వింటే ఏమనుకుంటుంది? అందుకే ఈ జట్టు రికార్డును సరిగ్గా రాసుకునే పద్ధతి చెబుతున్నాను. పీఈటీ సార్లు, మేడమ్‌లు, ఆడే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఎవరైనా చేయొచ్చు. ఒక పొడుగు రూళ్ల నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు, ఒక స్కేలు ఉంటే చాలు.

మొట్టమొదట చేయాల్సింది, వయసు గ్రూపుకి విడిగా పేజీలు కేటాయించడం. అండర్-17 వేరు, అండర్-20 వేరు, సీనియర్ జట్టు వేరు. దక్షిణాసియా పోటీలు, అంటే శాఫ్ టోర్నమెంట్లు, ఇంకా తికమక పెడతాయి, ఎందుకంటే వయసు హద్దు ఏడాదికోలా మారుతుంది. 2017, 2018, 2019లో అండర్-15 పెట్టారు, 2022లో జంషెడ్‌పూర్‌లో అండర్-18, 2024 మొదట్లో ఢాకాలో అండర్-19, 2025లో భూటాన్‌లో అండర్-17. ఇవన్నీ ఒకే పట్టికలో కలిపేసి “ఇండియా అమ్మాయిలు ఇన్ని గెలిచారు, ఇన్ని ఓడారు” అని కూడితే ఆ లెక్కకి అర్థం ఉండదు. సార్వా దిగుబడి, దాళ్వా దిగుబడి ఒకే గడిలో కలిపి రాసుకునే రైతుని మీరెక్కడైనా చూశారా?

వయసు గ్రూపు విడదీశాక దాని లోపల బ్యాచ్‌ల వారీగా విడదీయాలి. నా మటుకు ఇదే అసలు సంగతి. సీనియర్ జట్టులో ఒక అమ్మాయి పదేళ్లు ఆడొచ్చు, కాబట్టి జట్టు రికార్డు, మనుషుల రికార్డు కొంతవరకు కలిసి నడుస్తాయి. అండర్-17లో అలా కుదరదు. వయసు దాటగానే బయటికి వచ్చేయాల్సిందే, రెండేళ్లు తిరిగేసరికి దాదాపు కొత్త జట్టు. 2022లో ఓడినవాళ్లూ 2025లో గెలిచినవాళ్లూ వేరు. కాబట్టి పేజీ పైన జట్టు పేరు రాసి ఊరుకోకండి, ఆ పోటీకి అర్హత ఉన్న పుట్టిన తేదీలు కూడా రాయండి. 2022 ప్రపంచ కప్‌కి 2005 జనవరి 1 నుంచి 2007 డిసెంబర్ 31 మధ్య పుట్టినవాళ్లు. ఆ ఒక్క లైను రాస్తే తర్వాత చదివేటప్పుడు సగం గందరగోళం పోతుంది.

ఇక్కడే ఒక పేజీ ఖాళీగా వదలాలి. 2020 అండర్-17 ప్రపంచ కప్ మన దేశంలోనే జరగాల్సింది. కరోనా వల్ల ముందు 2021కి జరిపారు, ఆ తర్వాత 2020 నవంబర్‌లో పూర్తిగా రద్దు చేసి, 2022 పోటీని మనకే ఇచ్చారు. పేపర్లో చదివినవాళ్లు “పోనీలే, మనకే వచ్చింది కదా” అనుకున్నారు. కానీ 2003లో, 2004లో పుట్టిన అమ్మాయిలు 2022 నాటికి వయసు దాటిపోయారు. వాళ్లు క్యాంపుల్లో పడ్డ కష్టానికి రికార్డులో ఒక్క అంకె కూడా లేదు. ఆ బ్యాచ్‌కి ఒక పేజీ పెట్టండి, “రద్దు” అని రాయండి, తర్వాతి పేజీకి వెళ్లండి. చూసే పిల్లలు ఎందుకని అడుగుతారు, చెప్పండి.

ఇక గడులు. తేదీ, ఊరు, టోర్నమెంట్, ప్రత్యర్థి, ఫస్టాఫ్ స్కోరు, చివరి స్కోరు, గోల్ కొట్టినవాళ్లు, జట్టు ఆ పోటీకి ఎలా వచ్చింది. ఇవి చాలు. ఇందులో ఫస్టాఫ్ గడి చాలామంది వదిలేస్తారు, మీరు మాత్రం వదలొద్దు. ఎందుకో 2022నే తీసుకుని చూద్దాం.

మన మ్యాచ్‌లు మూడూ భువనేశ్వర్ కళింగ స్టేడియంలో జరిగాయి, మన రాజమండ్రి మీదుగా వెళ్లే హౌరా లైన్లోనే ఉన్న ఊరు. అక్టోబర్ 11న అమెరికా మీద ఫస్టాఫ్‌లో 0-5, చివరికి 0-8. అక్టోబర్ 14న మొరాకో మీద ఫస్టాఫ్ 0-0, చివరికి 0-3. అక్టోబర్ 17న బ్రెజిల్ మీద ఫస్టాఫ్ 0-2, చివరికి 0-5. చివరి స్కోర్లు మాత్రమే రాస్తే మూడు ఓటములు, 16 గోల్స్ పడ్డాయి, ఒక్కటీ కొట్టలేదు, అంతే కనిపిస్తుంది. అది నిజమే, దాచాల్సిన పనిలేదు. కానీ ఫస్టాఫ్ గడి పక్కన ఉంటే ఇంకోటి తెలుస్తుంది. మొదటి మ్యాచ్‌లో 45 నిమిషాల్లోనే ఐదు పడ్డాయి. మూడు రోజులకే అవే పిల్లలు మొరాకోని 45 నిమిషాలు ఒక్క గోల్ కూడా కొట్టనివ్వలేదు, సెకండాఫ్ మొదట్లో పెనాల్టీ రూపంలో మొదటి గోల్ పడింది. అంటే మూడు రోజుల్లో డిఫెన్స్ కుదురుకుంది, కానీ 90 నిమిషాలు అదే ఊపు నిలబెట్టడం, ముందుకెళ్లి గోల్ కొట్టడం ఇంకా రాలేదు. ఈ రెండూ వేర్వేరు లోపాలు, వేర్వేరుగా దిద్దుకోవాల్సినవి. మీ స్కూల్ జట్టుకి కూడా ఇలాగే రాసి చూడండి, సెకండాఫ్‌లోనే గోల్స్ పడుతుంటే ముందు చూడాల్సింది ఆట కంటే స్టామినా, తిండి, మంచినీళ్లు. మన ఉక్కపోతలో మరీను.

అదే పేజీలో కింద ప్రత్యర్థుల సంగతి కూడా రాయండి. అమెరికా, బ్రెజిల్ ఒకదానితో ఒకటి 1-1 డ్రా చేసుకుని చెరో 7 పాయింట్లతో ముందుకెళ్లాయి, మొరాకోకి 3, మనకి సున్నా. మన మీద ఎనిమిది కొట్టిన ఆ అమెరికా క్వార్టర్ ఫైనల్లో నైజీరియా చేతిలో పెనాల్టీల్లో పోయింది. బ్రెజిల్ జర్మనీ మీద 0-2తో ఓడింది. చివరికి నవీ ముంబైలో కొలంబియాని 1-0తో ఓడించి స్పెయిన్ కప్పు తీసుకుంది. ఇంకో ముక్క కూడా రాయాలి: ఆ ఆగస్టులో మన ఫుట్‌బాల్ ఫెడరేషన్‌ని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా సస్పెండ్ చేసి, 26న ఎత్తేసింది. సొంత గడ్డ మీద టోర్నమెంట్ రెండు నెలల్లో ఉందనగా అసలు జరుగుతుందో లేదో తెలియని టెన్షన్ ఆ పిల్లలది.

“ఎలా వచ్చింది” అన్న గడికి రెండో రంగు పెన్ను వాడండి. ఆతిథ్యం ఇచ్చే దేశంగా నేరుగా వస్తే ఒక రంగు, క్వాలిఫయర్లు గెలిచి వస్తే ఇంకో రంగు. 2022లో మనం వచ్చింది ఆతిథ్య దేశంగా. అదే 2025 అక్టోబర్‌లో మన అండర్-17 అమ్మాయిలు కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్ వెళ్లి, ఆ దేశాన్ని 2-1తో, ఉజ్బెకిస్తాన్‌ని 2-1తో ఓడించి, చైనాలో జరిగే 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించారు. ఉజ్బెకిస్తాన్ మ్యాచ్‌లో ఫస్టాఫ్‌లో 0-1 వెనకబడి, సెకండాఫ్‌లో తాండామణి బాస్కీ, అనుష్క కుమారి గోల్స్‌తో గెలిచారు. ఫస్టాఫ్ గడి ఎందుకు పెట్టమన్నానో మళ్లీ చూశారు కదా, 2022లో సెకండాఫ్‌లో జారిపోయిన చోటే ఈ బ్యాచ్ నిలబడింది. 2005 తర్వాత ఈ వయసు ఆసియా టోర్నమెంట్‌కి మనవాళ్లు రావడం ఇదే. ఆ రెండు గెలుపులు చిన్న దేశాల మీదేగా అని తీసిపారేసేవాళ్లుంటారు, నేను ఒప్పుకోను. పరాయి ఊళ్లో, వెనకబడి, గెలిచి తెచ్చుకున్న చోటు అది. అండర్-20 పేజీలో కూడా 2025 ఆగస్టు దగ్గర ఆ రంగే పడుతుంది. యాంగోన్‌లో ఇండోనేషియాతో 0-0, తుర్క్‌మెనిస్తాన్ మీద 7-0, మయన్మార్‌ని వాళ్ల సొంత గ్రౌండ్‌లోనే 1-0, ఆ వయసు ఆసియా కప్‌కి ఇరవై ఏళ్ల తర్వాత రాక.

పెనాల్టీల దగ్గర చాలామంది తప్పు రాస్తారు. స్కోరు సమానమై, చివర్లో పెనాల్టీలు కొట్టించే షూటౌట్‌లో తేలిన మ్యాచ్ రికార్డు ప్రకారం డ్రా. ఎవరు ముందుకెళ్లారన్నది పక్కన రాయాలి, గెలుపు గడిలో వేయకూడదు, షూటౌట్ గోల్స్ మొత్తంలో కలపకూడదు. 2019లో భూటాన్‌లో శాఫ్ అండర్-15 ఫైనల్ మనం బంగ్లాదేశ్ మీద పెనాల్టీల్లోనే గెలిచాం, కప్పు మనదే, మ్యాచ్ మాత్రం డ్రా.

దీనికి అన్నిటికంటే పెద్ద పరీక్ష 2024 ఫిబ్రవరి 8న ఢాకాలో జరిగిన శాఫ్ అండర్-19 ఫైనల్. ఎనిమిదో నిమిషంలోనే మనకి గోల్ వచ్చింది, ఆట అయిపోవస్తుండగా ఇంజురీ టైమ్‌లో బంగ్లాదేశ్ సమం చేసింది, 1-1. షూటౌట్‌లో రెండు జట్లలో పదకొండేసి మందీ, గోల్‌కీపర్లతో సహా, కొట్టేశారు, 11-11. తర్వాత షూటౌట్ కొనసాగించాలి, కానీ టాస్ వేశారు. టాస్ మనం గెలిచాం, మన పిల్లలు సంబరాలు చేసుకున్నారు. బంగ్లాదేశ్ వాళ్లు ఒప్పుకోలేదు, స్టేడియంలో గొడవ, చివరికి రెండు జట్లనీ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. దీన్ని ఎలా రాయాలంటే: 1-1, షూటౌట్ 11-11, సంయుక్త విజేతలు. టాస్ గెలిచాం కాబట్టి మనమే విజేతలం అని రాసుకోవద్దు, అవతల కూడా మన పిల్లల ఈడు పిల్లలే, వాళ్లు కూడా పదకొండుకి పదకొండూ కొట్టారు.

స్కోర్లతో పాటు పాయింట్ల పట్టిక కూడా ఎక్కించుకోండి. ఫైనల్ లేకుండా అందరితో అందరూ ఆడే టోర్నమెంట్లలో చివరి మ్యాచ్ చూసి మోసపోతాం. 2022 శాఫ్ అండర్-18లో మన జట్టు చివరి మ్యాచ్ బంగ్లాదేశ్ మీద 0-1తో ఓడింది, అయినా గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌లోంచి పడ్డవి తీసేస్తే మిగిలేది) మీద కప్పు మనదే. నేపాల్ మీద ఏడు గోల్స్ కొట్టిన రోజు “ఇన్ని ఎందుకు” అనుకున్నవాళ్లకి జవాబు ఆ పట్టికలో ఉంది. 2025లో భూటాన్ శాఫ్ పోటీలో అండర్-17 వాళ్లు కూడా చివరి మ్యాచ్ 3-4తో పోగొట్టుకున్నారు, కానీ అప్పటికే విజేతలు.

ప్రపంచ విజేతల పేజీకి ఎక్కువ సమయం పట్టదు. పోటీ 2008లో న్యూజిలాండ్‌లో మొదలైంది. ఉత్తర కొరియా 2008, 2016, 2024, 2025లో నాలుగుసార్లు గెలిచింది. స్పెయిన్ రెండుసార్లు, దక్షిణ కొరియా, ఫ్రాన్స్, జపాన్ ఒక్కోసారి. 2025 నుంచి 24 జట్లతో ఏటా పెడుతున్నారు, 2029 దాకా మొరాకోలోనే. ఆసియా దేశాలు ఈ వయసులో ఎంత బలంగా ఉన్నాయో ఆ జాబితా చూస్తే తెలుస్తుంది, మనం దాటాల్సింది ఆ గడపే.

పేజీల చివర మనుషుల కోసం కొంత చోటు ఉంచండి. ఒక బ్యాచ్ అయిపోయాక ఆ అమ్మాయిలు ఎటు వెళ్లారో రాయడం అన్నమాట. 2022 ప్రపంచ కప్ జట్టులో ఉన్న నీతూ లిండా, ఢాకా ఫైనల్ ఆడిన అండర్-19 జట్టుకి కెప్టెన్. 2022 కెప్టెన్ అస్తమ్ ఓరావ్ జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా పల్లెటూరి పిల్ల. మన తెలుగువాళ్లలో నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య సీనియర్ జాతీయ జట్టులో ఆడుతోంది, ఆమె పేరు పెద్ద అక్షరాలతో రాయండి. మన డెల్టా ఊరి పేరు ఇంకా ఆ గడిలో పడలేదని బాధగానే ఉంటుంది నాకు, కాలువ గట్టు మీద పరిగెత్తే మన పిల్లలకి దమ్ము తక్కువేం కాదు.

ఆఖరిగా, ఆడే పిల్లలున్న ఇంట్లో ఈ నోట్‌బుక్ వల్ల ఒక లాభం ఉంది. పోటీ జరిగే ఏడాదిలోంచి 17 తీసేయండి, ఆ సంవత్సరం జనవరి 1 నుంచి మూడేళ్లలోపు పుట్టిన అమ్మాయి అర్హురాలు. 2027 అయితే 2010 నుంచి 2012 దాకా. క్వాలిఫయర్లు ముందే జరుగుతాయి, కాబట్టి ఏడాది ముందుగా లెక్క వేసుకోండి. చాలా ఇళ్లలో బడిలో వేసిన పుట్టినతేదీ ఒకటి, ఆధార్‌లో ఒకటి, జనన ధ్రువపత్రంలో ఇంకోటి ఉంటాయి. సెలెక్షన్ల రోజు ఆ తేడా బయటపడితే పిల్ల ఎంత బాగా ఆడినా లాభం లేదు, కళ్లనీళ్లతో ఇంటికి రావాల్సిందే. స్కూల్ గేమ్స్‌లో అండర్-14 నుంచే పోటీలున్నాయి కాబట్టి ఆరో తరగతిలో ఉండగానే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే ఈ వేసవి సెలవుల్లోనే సచివాలయానికి వెళ్లి దిద్దించండి, బడి రిజిస్టర్ సంగతి హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడండి, జిరాక్స్ ఒకటి నోట్‌బుక్ వెనక అట్టకి పిన్ను కొట్టి ఉంచండి.