పోటీదారు పేటెంట్ అడ్డొస్తే మరో దారి కనిపెట్టడం ఎలా?

చెన్నై శివార్లలోని అంబత్తూరులోనో తిరుముడివాక్కంలోనో చిన్న ఫ్యాక్టరీ నడిపే మనవాళ్లకు పోటీ కంపెనీ నుంచి పేటెంట్ నోటీసు వస్తే ఎక్కువగా రెండే పనులు చేస్తారు. డైలు (సరుకు తీసే అచ్చులు) మూలన పడేస్తారు, లేదంటే నాలుగు బోల్టులు అటూ ఇటూ మార్చి అదే సరుకు అమ్ముతారు. రెండింటిలోనూ నష్టమే. మూడో దారి పేటెంట్ చట్టంలోనే ఉంది. 20 ఏళ్ల హక్కు కావాలంటే యజమాని తన యంత్రం ఎలా పనిచేస్తుందో, తనకు తెలిసిన మేలైన పద్ధతి ఏదో బయటపెట్టాలి. తనది ఎంతవరకో హద్దు కూడా తనే రాయాలి. ఆ హద్దు రాళ్ల పేరే క్లెయిములు. కాపీ కొట్టే దారి మూసుకుపోయింది, పోటీదారు డ్రాయింగు మాత్రం చేతిలో ఉంది. కొత్తది కనిపెట్టడానికి ఇంతకంటే గట్టి కారణం ఇంకొకటి ఉండదు.

ముందు కాగితాలు తెప్పించుకోండి. భారత పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఇన్‌పాస్ అనే ఉచిత సెర్చ్ ఉంది. దరఖాస్తుతో అచ్చయిన క్లెయిములు చదివి ఆగిపోకండి, అవి పరీక్ష దశలో చాలాసార్లు కుంచించుకుపోతాయి. మంజూరైన భారతీయ పేటెంట్‌లోని క్లెయిములే లెక్క, అమెరికా పేటెంట్‌లోవి కావు. ఎగ్జామినర్ అభ్యంతరాల పత్రం, దానికి వాళ్లిచ్చిన జవాబు కూడా అక్కడే దొరుకుతాయి. ఆ జవాబు తప్పక చదవండి. "పాత యంత్రాల్లో పిన్ను లేదు, మా దాంట్లో ఉంది" అని రాసి పేటెంట్ తెచ్చుకున్నవాళ్లు, రేపు కోర్టులో పిన్ను ముఖ్యం కాదని వాదించడం కష్టం.

మూడో ఏడాది నుంచి రెన్యువల్ ఫీజు కట్టారో లేదో కూడా చూడండి. కట్టక రద్దయినా వెంటనే డైలకు డబ్బు పెట్టకండి. పునరుద్ధరణ అడగడానికి యజమానికి 18 నెలల గడువుంటుంది.

ఇప్పుడు అసలు పని. టిల్టింగ్ తడి గ్రైండర్ ఉదాహరణగా తీసుకుందాం. ఒకటో క్లెయిము ఇలా ఉందనుకోండి:

క. రాళ్లు, డ్రమ్ము, మోటారు
ఖ. డ్రమ్మును పక్కకు వంచే ఇరుసు
గ. వంచినచోట డ్రమ్మును నిలిపే స్ప్రింగు పిన్ను, అది దిగే గాట్లు
ఘ. డ్రమ్ము వంగగానే మోటారును ఆపే స్విచ్

ఒక కాగితం మీద రెండు వరుసలు గీయండి. ఎడమవైపు ఇవి, కుడివైపు మీ యంత్రంలో వీటికి సరిపోయేవి. నాలుగూ మీ దాంట్లో ఉంటే ఉల్లంఘనే, మీరు ఇంకో పది సౌకర్యాలు కలిపినా సరే. స్వతంత్ర క్లెయిములన్నిటినీ (ఇంకో క్లెయిము మీద ఆధారపడకుండా నిలిచేవి) తప్పించుకుంటే వాటి మీద ఆధారపడిన క్లెయిములు వాటంతటవే తప్పిపోతాయి. అందుకే శ్రమంతా స్వతంత్ర క్లెయిముల మీదే పెట్టండి.

చాలామంది పొరపాటు ‘గ’ దగ్గరే చేస్తారు. పిన్ను తీసి స్ప్రింగు మీద స్టీలు గోళీ పెడతారు. గోళీ కూడా గాటులోనే దిగుతుంది, అదే పద్ధతిలో డ్రమ్మును నిలుపుతుంది. పదం మారింది గానీ పని మారలేదు. అదే పని, అదే పద్ధతిలో, అదే ఫలితంతో చేస్తే కోర్టు దాన్ని సమానమనే చూస్తుంది. బదులుగా చేతి చక్రంతో తిప్పే వర్మ్ గేర్ (స్క్రూ లాంటి కడ్డీతో తిరిగే పళ్ల చక్రం) పెట్టి చూడండి. పళ్ల లీడ్ కోణం (స్క్రూ పళ్ల వాలు) దాదాపు 5 డిగ్రీల లోపు ఉంటే గేర్ తనంతట వెనక్కి తిరగదు, కాబట్టి గాట్లతోనే పని లేదు. డ్రమ్ము ఏ కోణంలోనైనా ఆగుతుంది, పిండి చిందకుండా నిదానంగా వంపుకోవచ్చు. కోణం పెంచి గ్రీజు దట్టంగా పట్టిస్తే మాత్రం అదురుకు గేర్ జారుతుంది. అది ప్రోటోటైపులోనే పరీక్షించాలి.

ఒక్క తేడాతో ఆగకండి. ‘ఘ’లో స్విచ్ బదులు, డ్రమ్ము వంగగానే మోటారును డ్రమ్ము నుంచి విడదీసే డాగ్ క్లచ్ (పళ్లతో పట్టుకునే జోడింపు) పెడితే రెండు చోట్ల పనిచేసే సూత్రమే మారుతుంది. ఒక తేడాను కోర్టు చిన్నదని కొట్టేసినా రెండోది నిలబడుతుంది. పరిశోధన కోసం మాత్రమే నమూనా చేసుకోవడాన్ని పేటెంట్ చట్టంలోని సెక్షన్ 47 అనుమతిస్తుంది. అమ్మకానికి చేస్తే ఆ రక్షణ ఉండదు.

2022లో ఢిల్లీ హైకోర్టులో సమానమేనని ఒకటి, కాదని ఒకటి, రెండు వైపులా తీర్పులు వచ్చాయి. కారు పార్కింగ్ డాలీ (కారును మోసుకెళ్లి పార్కు చేసే బండి) కేసులో కొన్ని భాగాలు లేకపోయినా అవి ప్రధానం కావని కోర్టు ప్రతివాదిని ఆపింది. మన రైతులు కొరాజెన్ పేరుతో ఎరిగిన క్లోరాంట్రానిలిప్రోల్ మందు కేసులో, హైదరాబాద్ కంపెనీ నాట్కో తయారీలో వాడిన థయోనిల్ క్లోరైడ్, పేటెంట్‌లోని సల్ఫోనిల్ క్లోరైడ్‌కు సమానం కాదని నాట్కో పక్షాన తీర్పిచ్చింది. మందు అదే, దారి వేరు. 1970 చట్టం మందులకు తయారీ పద్ధతి మీదే పేటెంట్ ఇచ్చేది. 2005లో పదార్థం మీద పేటెంట్ వచ్చేదాకా హైదరాబాద్ మందుల పరిశ్రమ వేరే పద్ధతులు కనిపెట్టే పెరిగింది.

మారిన డిజైన్ సరైనదైనా కాలం ఖర్చవుతుందని బజాజ్–టీవీఎస్ కేసు చూపింది. బజాజ్ పేటెంట్ ఒక సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్‌ల గురించి. తమ ఫ్లేమ్ బైక్ ఇంజన్‌లో మూడు వాల్వులున్నాయి కాబట్టి తమది వేరన్నది టీవీఎస్ వాదన. 2008 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని ఆపారు. 2009 మేలో డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆ పదిహేను నెలల మధ్యలో టీవీఎస్ వాళ్లు ఒకే ప్లగ్‌తో బైక్ మార్కెట్లోకి తెచ్చారు. మీరు కూడా ఇలాంటి రెండో రూపాన్ని ముందే గీసి పెట్టుకోండి.

ప్రతి దశనూ తేదీతో నోట్‌బుక్‌లో రాసి సంతకం చేయండి. ఏ క్లెయిము చదివారు, ఏ భాగం ఎందుకు మార్చారు, పరీక్షలో ఏమైందో ఉండాలి. "వాళ్లది కాపీ కొడదాం" లాంటి మాట వాట్సాప్‌లో కూడా వద్దు, అది సాక్ష్యమవుతుంది. తర్వాత పేటెంట్ అటార్నీ నుంచి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. అనుమానం ఇంకా ఉంటే సెక్షన్ 105 ఉంది. మీ డిజైన్ వివరాలు పంపి, ఇది ఉల్లంఘన కాదని రాసివ్వమని యజమానిని అడగాలి. ఇవ్వకపోతే ఉల్లంఘన కాదని ప్రకటించమని కోర్టును అడగవచ్చు. ఆ దావా ఖర్చులు మామూలుగా మీవే. డిజైన్ కూడా వాళ్ల కంట్లో పడుతుంది. కాబట్టి ముందు మీ డిజైన్‌కు పేటెంట్ దరఖాస్తు వేయండి.

చెన్నై గిండీలోని పేటెంట్ కార్యాలయమే తమిళనాడు, కర్ణాటకతో పాటు ఆంధ్ర, తెలంగాణలకు కూడా. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తుకు ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు రూ.1,600. 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ (క్లెయిములతో సహా వివరణ) ఇవ్వాలి. వర్మ్ గేర్ మీద మీకు పేటెంట్ వచ్చినంత మాత్రాన ఇతరుల పేటెంట్ మీద నడిచే అనుమతి వచ్చినట్టు కాదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. దరఖాస్తులు మామూలుగా 18 నెలల దాకా అచ్చు కావు కాబట్టి, ఈ రోజు మీ సెర్చ్‌లో కనిపించని క్లెయిము రేపు బయటపడవచ్చు. మూడు నెలలకోసారి పోటీ కంపెనీల పేర్లతో మళ్లీ వెతకండి, వెతికిన తేదీ అదే నోట్‌బుక్‌లో రాయండి.