ఎండలు ముదరకముందే డ్రిప్పు పైపులు చూసుకోండి

శివరాత్రి దాటింది. ఇంకొన్నాళ్లకు అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చీనీ (బత్తాయి) చెట్టుకు తడి తప్పితే కాయ రాలే కాలం అదే, పైపులు ఊడేదీ అప్పుడే.

చెట్ల వరుస వెంట పరిచే సన్నటి నల్ల పైపును లేటరల్ అంటారు, అది పాలిథీన్‌తో చేసింది. వేడికి బాగా సాగుతుంది. ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 0.2 మిల్లీమీటర్లు. చాలా తక్కువే అనిపిస్తుంది గానీ లెక్క వేసి చూడండి. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న 50 మీటర్ల పైపు మధ్యాహ్నానికి 60 డిగ్రీలకు కాగితే 35 సెంటీమీటర్లు, అంటే అడుగుకు పైనే పెరుగుతుంది. రాత్రికి మళ్లీ అంతా ముడుచుకుంటుంది. మిట్టమధ్యాహ్నం బిగలాగి తగిలించిన పైపు తెల్లారేసరికి జాయింటు దగ్గర ఊడొచ్చేది అందుకే. పోయినేడు మా తోటలో రెండు వరుసలు ఇట్లే ఊడి, రాత్రి పారిన నీళ్లన్నీ గట్టుపాలయ్యాయి. చల్లపూట పరచండి, కొంచెం వంకరగా వదులు ఉంచండి.

మోటారు నుంచి లేటరళ్లకు నీళ్లు తెచ్చే పీవీసీ పైపు అంత సాగదు గానీ దానికి ఎండ పడదు. ఏళ్ల తరబడి పైన పడి ఉంటే తెల్లబారి పెళుసెక్కుతుంది, పార తగిలినా పగులుతుంది. రెండడుగుల లోతున పూడ్చండి. పైకి కనిపించే ముక్కలకు నీళ్లతో కలిపే తెల్ల పెయింటు వేయండి. పైపు మీద అచ్చేసిన ప్రెజర్ అంకె, అంటే అది ఓర్చుకునే నీటి ఒత్తిడి, 27 డిగ్రీల వేడికి లెక్క. వేడెక్కేకొద్దీ ఆ ఓర్పు తగ్గుతుంది. కాబట్టి ఒత్తిడి ఒక్కసారిగా పడకుండా ముందు వాల్వు తెరిచి, తర్వాతే మోటారు వేయండి.

సాకెట్టు చేయడానికి, అంటే ఇంకో పైపు దూరేలా మూతి వెడల్పు చేయడానికి, పైపును చెత్త మంట మీద కాల్చడం దయచేసి మానండి. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మంట వేడి అంతకు ఎన్నో రెట్లు. గోడ పలుచబడుతుంది, మాడితే ముక్కు మండించే యాసిడ్ పొగ వస్తుంది. పిల్లల్ని పక్కన పెట్టుకుని ఈ పని చేసేవాళ్లను చూస్తే భయమేస్తుంది. రెండు పైపుల్ని కలిపే కప్లింగు ధర పెద్దదేం కాదు.

పీవీసీ పైపులు అతికించే జిగురు, అదే సొల్యూషన్, ఎండలో క్షణాల్లో ఆరిపోతుంది, నీడలో పూసి వెంటనే తోయండి. పక్కన బీడీ వెలిగించొద్దు, దాని ఆవిరి అంటుకుంటుంది. ఒక రోజు ఆగాకే పూర్తి ప్రెజర్ ఇవ్వండి.

కొత్తవి కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. లేటరల్‌కు ఐఎస్ 12786, పీవీసీకి ఐఎస్ 4985. లేటరల్‌కు ఆ నలుపు కార్బన్ బ్లాక్ వల్ల వస్తుంది, ఎండ నుంచి కాపాడేది అదే.

దప్పికకు ఉడతలు కూడా పైపులు కొరుకుతాయి. మేం చెట్ల కింద ముంతల్లో నీళ్లు పెట్టినప్పటి నుంచి కొరకడం తగ్గింది.