అమెరికా అధ్యక్ష ఎన్నికల సర్వేను ఎంతవరకు నమ్మాలి? అంకెలు చదివే పద్ధతి

పెన్సిల్వేనియాలో ఒక అభ్యర్థికి 48 శాతం, రెండో అభ్యర్థికి 46 శాతం అని సర్వే వచ్చిందనుకోండి. టీవీలో ‘రెండు పాయింట్ల ఆధిక్యం’ అని వేస్తారు. ఆ సర్వే నిజంగా అంత మాట అందా లేదా తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. సర్వే సంస్థ పెట్టిన మెథడాలజీ పేజీ (సర్వే ఎలా చేశారో చెప్పేది) తెరవండి, ఒక క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. అసలు ఆ పేజీయే లేకపోతే ఆ సర్వేను పక్కన పెట్టేయండి. దాని మీద పెట్టే సమయం దండగ.

ముందు తేదీలు, ఎవరిని అడిగారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్నవి రాసుకోండి. ఎన్నికలకు నెలల ముందు అంకెలు గట్టిగా ఉండవు. 1988 జులైలో గాలప్ సర్వేలో డుకాకిస్ 17 పాయింట్లు ముందున్నారు. నవంబరులో సీనియర్ బుష్ దాదాపు 8 పాయింట్లతో గెలిచారు. 1948లో సర్వే సంస్థలు డ్యూయీ గెలుపు ఖాయమనుకుని పోలింగ్‌కు చాలా ముందే అడగడం ఆపేశాయి, ట్రూమన్ గెలిచారు. ఇక పార్టీయో, ప్రచార బృందమో చేయించుకున్న సర్వే బయటికి వచ్చిందంటే, అందులోని అంకెలు వాళ్లకు నచ్చాయనే అర్థం. నచ్చనివి బయటికి రావు. ‘ఓటు వేసే అవకాశం ఉన్నవాళ్లు’ అని రాసి ఉంటే, వాళ్లను ఎలా తేల్చారో కూడా చూడండి. ఒక్కో సంస్థది ఒక్కో లెక్క.

తర్వాత మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే కొందరినే అడగడం వల్ల అంకె అటూ ఇటూ ఎంత తేడా రావచ్చో చెప్పే కొలత. శాంపిల్ సంఖ్యకు, అంటే అడిగినవాళ్ల సంఖ్యకు, వర్గమూలం కట్టి, 100ను దానితో భాగించండి. 800 మందిని అడిగితే సుమారు 3.5 పాయింట్లు వస్తుంది, 400 మందికి 5. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ 3.5 ఒక్కో అభ్యర్థి అంకెకు వర్తిస్తుంది. ఇద్దరి మధ్య తేడాకు దాన్ని దాదాపు రెట్టింపు చేయాలి. అంటే పైన చెప్పిన పెన్సిల్వేనియా సర్వే 800 మందిది అయితే, రెండు పాయింట్ల ఆధిక్యం అసలు 9 పాయింట్ల ఆధిక్యం కావచ్చు, 5 పాయింట్ల వెనుకబాటూ కావచ్చు. గత నెల 46 ఉన్న అభ్యర్థి ఈ నెల 48కి పెరిగారన్న వార్తకూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. రెండు సర్వేల మధ్య 5 పాయింట్ల లోపు కదలికకు అర్థం వెతకొద్దు. సర్వే లోపలి పట్టికల సంగతి ఇంకా కష్టం. 1000 మందిలో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) ఓటర్లు 120 మందే ఉంటే ఆ వరుసకు మార్జిన్ 9 పాయింట్లు. ఆ వరుసను పట్టుకుని ‘ఫలానా వర్గం మారిపోయింది’ అని రాసే కథనాలను వదిలేయండి.

శాంపిల్ పెద్దదైతే నిజం దొరుకుతుందనుకోవడం పొరపాటు. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటి ప్రకారం లాండన్ సునాయాసంగా గెలవాలి. రూజ్‌వెల్ట్ అప్పటి 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నారు. కార్డులు ఎవరికి చేరాయి, ఎవరు తిరిగి పంపారు అన్నదాంట్లోనే తప్పు జరిగింది. ఇప్పటి సర్వేలకూ అసలు గండం ఇదే. ప్యూ రీసెర్చ్ ఫోన్ సర్వేలకు 1997లో 36 శాతం మంది స్పందించారు; 2018 నాటికి అది 6 శాతానికి పడిపోయింది. మిగిలిన 94 మంది ఈ ఆరుగురిలాగే ఆలోచిస్తారని ఎవరూ హామీ ఇవ్వలేరు. మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌లో ఈ తప్పు లెక్కకే రాదు.

దీన్ని సరిదిద్దడానికి సంస్థలు వెయిటింగ్ చేస్తాయి. జనాభాలో ఉండాల్సిన దానికన్నా తక్కువగా దొరికినవాళ్ల జవాబుకు ఎక్కువ బరువు ఇస్తాయి. మెథడాలజీ పేజీలో వయసు, లింగం, జాతి, ప్రాంతంతో పాటు ‘చదువు’ ఉందో లేదో తప్పక చూడండి. కాలేజీ డిగ్రీ ఉన్నవాళ్లు సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారు. 2016లో చాలా రాష్ట్రస్థాయి సర్వేలు చదువును పట్టించుకోలేదు, డిగ్రీ ఉన్నవాళ్లేమో హిల్లరీ క్లింటన్ వైపు ఎక్కువగా మొగ్గారు. ఆ ఏడాది విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియాల్లో సర్వేలు తప్పడానికి ఇదొక పెద్ద కారణం. వెయిటింగ్‌లో మనుషుల నిర్ణయం ఎంత ఉంటుందో కూడా అదే ఏడాది తేలింది. ఫ్లోరిడాలో 867 మంది ఇచ్చిన ఒకే జవాబులను న్యూయార్క్ టైమ్స్ నలుగురు నిపుణులకు ఇచ్చి చూసింది. ఒకరి లెక్కలో క్లింటన్ 4 పాయింట్లు ముందుంటే, మరొకరి లెక్కలో ట్రంప్ ఒక పాయింట్ ముందున్నారు.

ఒక్క సర్వేను కాకుండా చాలా సర్వేల సగటు చూడమనే సలహా మంచిదే. 2024లో అయోవాలో ఎంతో పేరున్న ఒక సర్వే చివరి వారాంతంలో హారిస్‌కు 3 పాయింట్ల ఆధిక్యం చూపింది. ట్రంప్ అక్కడ 13 పాయింట్లతో గెలిచారు. ఇలాంటి ఒంటరి తప్పును సగటు తగ్గిస్తుంది. అన్ని సంస్థలూ ఒకే వైపు తప్పితే మాత్రం సగటు కాపాడలేదు. 2020లో చదువు లోపాన్ని చాలా సంస్థలు సరిదిద్దుకున్నాయి, అయినా జాతీయ సర్వేల్లో తప్పు 40 ఏళ్లలోనే ఎక్కువగా తేలింది. విస్కాన్సిన్‌లో ఒక ప్రముఖ సగటు బైడెన్‌కు 8 పాయింట్ల పైన ఇస్తే, ఆయన గెలిచింది ఒక పాయింట్ కన్నా తక్కువ తేడాతో. ఈ తప్పులన్నీ రిపబ్లికన్ అయిన ట్రంప్ బలాన్ని తక్కువ చూపినవే. అలాగని మీరే రిపబ్లికన్ అభ్యర్థికి మూడు పాయింట్లు కలిపేసుకోవద్దు. 2012లో సర్వేలు రెండో వైపు తప్పి, డెమొక్రాట్ అయిన ఒబామా బలాన్ని తక్కువ చూపాయి. తప్పు ఏ వైపు ఉంటుందో ముందుగా తెలియదు.

జాతీయ ఆధిక్యం గెలుపును నిర్ణయించదు, రాష్ట్రాలకు పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 నిర్ణయిస్తాయి. 2016లో క్లింటన్‌కు దేశం మొత్తం మీద 2.1 పాయింట్ల ఆధిక్యం వచ్చింది, పదవి రాలేదు. కాబట్టి స్వింగ్ రాష్ట్రాల (ఎటైనా మొగ్గగల రాష్ట్రాల) సగటులను ఒక కాగితం మీద రాసుకోండి. ఆధిక్యం 3 పాయింట్ల లోపు ఉన్న రాష్ట్రాన్ని ఎవరి ఖాతాలోనూ వేయొద్దు. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ 3 పాయింట్లు ఒకే వైపు జరిపి ఒక్కొక్కరికి వచ్చే ఎలక్టోరల్ ఓట్లు మొత్తం కూడండి, తర్వాత రెండో వైపు జరిపి కూడండి. రాష్ట్రాల సర్వేల్లో తప్పులు విడివిడిగా కాదు, సాధారణంగా ఒకే వైపు కలిసి వస్తాయి. 2024లో ఏడు స్వింగ్ రాష్ట్రాల్లోనూ సగటు తేడా 3 పాయింట్ల లోపే ఉంది, ఏడూ ట్రంప్‌కే వెళ్లాయి. రెండు లెక్కల్లోనూ ఒకే అభ్యర్థి 270 దాటితే అప్పుడు ఆధిక్యం గట్టిదనుకోవచ్చు.

ఇద్దరి శాతాలనూ కూడి చూడటం మరవకండి. 45, 42 అయితే ఇంకా 13 శాతం ఎటో తేలలేదు. ఆ 3 పాయింట్లకు విలువ చాలా తక్కువ. 51, 48 అయితే అదే 3 పాయింట్లు ఎక్కువ బరువైనవి.

‘గెలిచే అవకాశం 71 శాతం’ లాంటి అంచనాలు సర్వేలు కావు, సర్వేల మీద కట్టిన లెక్కలు. 71 శాతం ఓట్లు వస్తాయని వాటి అర్థం కాదు. ఒకటి రెండు పాయింట్ల ఆధిక్యం ఉన్నా అలాంటి అంకె రావచ్చు. 2016లో ఒక అంచనా ట్రంప్‌కు ఇచ్చిన సుమారు 29 శాతాన్ని ‘ఓడిపోతారు’ అని చదివినవాళ్లు ఎందరో. పదిసార్లలో మూడుసార్లు జరిగేది ఏ ఎన్నికలోనైనా జరగవచ్చు.