బెంగళూరులో హోటల్లోనో బస్సులోనో సర్వీస్ బాలేకపోతే గొంతు చించుకోకుండా పని చేయించుకోవడం ఎలా

ఒక సంక్రాంతికి నెల్లూరు వెళ్దామని మడివాలలో రాత్రి పదింపావు ఏసీ స్లీపర్ బుక్ చేసుకున్నా. పదిన్నరకి ఫోన్ చేస్తే సిల్క్ బోర్డ్ దగ్గరున్నాం సార్ పది నిమిషాలు అన్నారు, పదకొండున్నరకి చేసినా అవే పది నిమిషాలు, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ తెలిసినోడు ఎవడైనా నమ్ముతాడు మరి. బస్సు వచ్చేసరికి ఒకటీ నలభై. ఎక్కి చూస్తే ఏసీ లేదు, పైన గొట్టంలోంచి వేడి గాలి తప్ప ఇంకేం రావట్లేదు. మేము పాతికమందిమి డ్రైవర్ మీద పడి అరిచాం, నేనైతే గొంతు పోయేదాకా అరిచా. ఆ డ్రైవర్ పాపం బండి నాది కాదు సార్ అని చేతులెత్తేశాడు.

మా పక్క బెర్త్‌లో ఒక అక్క మాత్రం నోరు మెదపలేదు. బస్సు నంబర్ ప్లేట్ ఫోటో తీసింది, లొకేషన్ ట్రాకింగ్ స్క్రీన్‌షాట్ తీసింది, ఆ గొట్టం కింద చెయ్యి పెట్టి ఇరవై సెకన్ల వీడియో తీసింది, బస్సు హోస్కోటె దాటేలోపే బుకింగ్ యాప్‌లో చాట్ ఓపెన్ చేసి "ఏసీ టికెట్‌కి డబ్బు కట్టాను, ఏసీ పని చేయట్లేదు, మూడున్నర గంటలు లేటు, నాకు ఏసీకీ నాన్ ఏసీకీ ఉన్న తేడా వెనక్కి కావాలి" అని టైప్ చేసింది, అంతే. నాలుగో రోజుకి ఆమెకి డబ్బులు పడ్డాయి, నంబర్లు మార్చుకున్నాం కాబట్టి తెలిసింది. నేను వారం తర్వాత కంప్లైంట్ పెడితే ప్రూఫ్ ఏదీ అన్నారు. నా దగ్గర నొప్పి పుట్టిన గొంతు తప్ప ఏముంది.

అప్పట్నుంచీ ఆ అక్క పద్ధతే ఫాలో అవుతున్నా. ఆమె చేసింది చూస్తే మూడే పనులు: తనకేం కావాలో ముందే తేల్చుకుంది, అది ఇవ్వగలిగేవాడినే అడిగింది, అక్కడ ఉన్నప్పుడే అడిగింది. మనలో చాలామందిమి మొదటిదాని దగ్గరే ఆగిపోతాం. "ఇదేం సర్వీసండీ" అంటాం, ఎదుటివాడు సారీ సార్ అంటాడు, అయిపోయింది, మనం అడిగింది అదే కదా! ఇంకో ప్లేట్ కావాలా, బిల్లులోంచి తీసేయాలా, డబ్బు వెనక్కి కావాలా, టేబుల్ మార్చాలా, ఒక్కటి అనుకుని ఆ ఒక్కటే అడగండి.

హోటల్ సంగతి ముందు చెప్తా. మా బావ కోరమంగళలో ఒక ఆంధ్ర రెస్టారెంట్‌లో కెప్టెన్, అంటే వెయిటర్లందరికీ పైన ఉండేవాడు, లోపల ఏం జరుగుతుందో ఆయన చెప్తేనే నాకు తెలిసింది. మనం ఆర్డర్ చెప్పగానే కిచెన్‌కి కేఓటీ, అంటే ఆర్డర్ చీటీ, పడుతుంది. పడకముందు అయితే వెయిటరే మార్చేస్తాడు, పడ్డాక ఆ ఐటమ్ బిల్లులోంచి పోవాలంటే మేనేజర్ వచ్చి సిస్టమ్‌లో పాస్‌వర్డ్ కొట్టాలి, కొన్నిచోట్ల ఎందుకు తీశావని రాత్రి ఓనర్‌కి లెక్క కూడా చెప్పాలి. కాబట్టి సప్లయర్ కుర్రాడి మీద అరిస్తే ఏమొస్తది, వాడి చేతిలో ఏమీ లేదు. "తమ్ముడూ, కెప్టెన్‌ని కానీ మేనేజర్‌ని కానీ ఒకసారి పిలవ్వా" అని మెల్లగా అంటే వాడికీ ప్రాణం లేచొస్తుంది.

ఇంకోటి బావ ఎప్పుడూ అనేది, "ఒరేయ్, బిర్యానీ బాలేదంటే రెండు ముద్దలకే తెలుస్తుంది కదరా, సగం పైన తిని పిలిస్తే బాలేదంటున్నాడా కడుపు నిండిందా అని మాకు డౌటొస్తది." ఇది నిజమే. రెండు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపేసి అప్పుడే పిలవండి. పిలిచి "అన్నా, ఉప్పు బాగా ఎక్కువైంది, మీరే ఒకసారి చూడండి, వేరేది పెట్టిస్తారా లేకపోతే ఇది బిల్లులో తీసేస్తారా" అని అడగండి. మీరే చూడండి అన్నామంటే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే చాలామంది మేనేజర్లు రుచి చూడరు, మార్చేస్తారు.

వెంట్రుకో పురుగో వస్తే మాత్రం ప్లేట్ లోపలికి పోకముందే ఫోటో తీసుకోండి. మార్చి తెస్తాం సార్ అని ప్లేట్ పట్టుకుపోయారంటే మీ దగ్గర ఇంకేం మిగలదు. బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, అంటే హోటల్ ఫుడ్ లైసెన్స్ నంబర్, ఉంటుంది, 2022 జనవరి నుంచి అది బిల్లు మీద వేయడం తప్పనిసరి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అనే యాప్‌లో ఆ నంబర్‌తో కంప్లైంట్ పెట్టొచ్చు. అందుకే ఫోటోతో పాటు బిల్లు కూడా దాచుకోండి, వాట్సాప్‌లో పంపిన బిల్లయినా పర్లేదు.

సర్వీస్ ఛార్జ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఇందిరానగర్ వైపు వెళ్తే ఎక్కువమందికి తగిలేది ఇదే. మా నాన్న పుట్టినరోజుకి అటు తీసుకెళ్లా. తిన్నది 3,480, దాని మీద సర్వీస్ ఛార్జ్ పది శాతం అంటే 348, రెండూ కలిపిన మొత్తం మీద జీఎస్టీ ఐదు శాతం, టోటల్ 4,019. నాన్న కళ్లజోడు పైకి జరిపి "ఇదేంట్రా సర్వీసంటే, ప్లేట్లు తెచ్చిపెట్టినందుకా" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రోజు వాళ్లు ప్లేట్లు కూడా సరిగ్గా తెచ్చిపెట్టలేదు, పప్పు వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది.

రూల్ ఏంటంటే, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న గైడ్‌లైన్స్ ఇచ్చింది, సర్వీస్ ఛార్జ్‌ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదు, వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు, కట్టనంటే లోపలికి రానివ్వమనకూడదు. హోటళ్లవాళ్లు కోర్టుకెళ్లారు, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ గైడ్‌లైన్స్ కరెక్టే అంది. నేను మేనేజర్‌ని పిలిచి "సార్, సర్వీస్ ఛార్జ్ తీసేసి కొత్త బిల్లు ఇవ్వండి" అన్నా, ఆయన ఇది మా పాలసీ అన్నాడు, "సరే, తీయనన్నారని కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్తా, బిల్లు అయితే ఇవ్వండి" అన్నా, అప్పుడు తీశాడు. కొత్త బిల్లు 3,654. మొత్తం 365 రూపాయలు తగ్గింది, ఎందుకంటే సర్వీస్ ఛార్జ్ మీద పడ్డ జీఎస్టీ కూడా దాంతోపాటే పోయింది. సర్వీస్ ఛార్జ్‌నీ జీఎస్టీనీ కలిపి కన్ఫ్యూజ్ అవ్వొద్దు, జీఎస్టీ గవర్నమెంట్‌ది, అది తీయమంటే తీయరు.

గెలవని గొడవ కూడా ఒకటి ఉంది, వాటర్ బాటిల్. లోపల కూర్చుని తింటూ ఎంఆర్‌పీ కంటే ఎక్కువ వేశారని కొట్లాడకండి, హోటల్లో అది సర్వీస్‌తో కలిసిన అమ్మకం కాబట్టి ఎంఆర్‌పీ రూల్ వర్తించదని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పేసింది. బాటిల్ సీల్ తీయకముందే "నార్మల్ వాటర్ చాలు" అనండి, సరిపోతుంది. రైల్వే స్టేషన్‌లో లెక్క వేరు, రైల్ నీర్ లీటర్ బాటిల్ ధర 2025 సెప్టెంబర్‌లో 15 నుంచి 14 రూపాయలకి తగ్గించారు, ఇరవై అడిగితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి కొట్టండి.

ఊర్నుంచి కొత్తగా వచ్చినవాళ్లు దర్శినికి వెళ్లి సర్వీస్ లేదంటారు. అక్కడ ఉండదు బాబూ! ముందు కౌంటర్లో టోకెన్, తర్వాత మనమే తెచ్చుకోవాలి, నిలబడి తినాలి, చాలాచోట్ల ప్లేట్ కూడా మనమే టబ్బులో వేయాలి, అందుకే ఆ రేటు. అక్కడ "స్వల్ప చట్నీ కొడి అణ్ణా" అని రెండు కన్నడ ముక్కలు వచ్చేలా చూసుకోండి, తేడా మీకే తెలుస్తుంది. అదే గాంధీ బజార్‌లో విద్యార్థి భవన్‌కెళ్తే కథ వేరు, 1943 నాటి హోటల్, అక్కడ సప్లయర్ ఒక చేతి మీద పొడుగ్గా దోసె ప్లేట్లు పేర్చుకుని వచ్చి టేబుల్ టేబుల్‌కీ పంచుతుంటే చూడ్డానికే వెళ్లొచ్చు.

ఇక ప్రయాణాలు. ఆటో, క్యాబ్, బస్సు, ఫ్లైట్ అన్నిట్లోనూ పనికొచ్చే మాట ఒక్కటి, వాళ్లు రానప్పుడు క్యాన్సిల్ బటన్ మీరు నొక్కొద్దు. డ్రైవర్ ఫోన్ చేసి ఎక్కడికి, క్యాషా ఆన్‌లైనా అని అడిగి నచ్చకపోతే "నీవే క్యాన్సిల్ మాడి సార్" అంటాడు. మీరు చేస్తే ఫీజు మీకు పడే ఛాన్స్ ఉంటుంది. బస్సువాళ్లూ అంతే, సర్వీస్ రద్దయింది మీరు యాప్‌లో క్యాన్సిల్ చేసుకోండి రీఫండ్ వచ్చేస్తది అంటారు, చేశారంటే అది మీ ఇష్టంతో చేసిన క్యాన్సిలేషన్ అయిపోయి డబ్బులు కట్ అయ్యే ఛాన్స్ ఉంటుంది. బస్సు మీరే రద్దు చేశారని మెసేజ్ పెట్టండి అని అడగండి, మెసేజ్ వచ్చేదాకా టికెట్ ముట్టుకోకండి.

ఆటో మీటర్ రేట్లు 2025 ఆగస్ట్ 1 నుంచి మారాయి, మొదటి 2 కిలోమీటర్లకి 36 రూపాయలు, ఆపైన కిలోమీటర్‌కి 18, రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా ఒకటిన్నర రెట్లు. మీటర్ వేసేవాళ్లు ఎంతమంది అంటే నన్నడగొద్దు, కానీ లెక్క తెలిస్తే బేరం ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ట్రైన్ మూడు గంటల కంటే ఎక్కువ లేటై మీరు ఎక్కకూడదనుకుంటే ఫుల్ రీఫండ్ వస్తుంది, కానీ ఆ ట్రైన్ మీ స్టేషన్ నుంచి కదలకముందే టీడీఆర్, అంటే రీఫండ్ కోసం పెట్టే అప్లికేషన్, వేయాలి. ఇంటికెళ్లి స్నానం చేసి వేద్దాం అనుకుంటే అప్పటికి ట్రైన్ వెళ్లిపోయి ఉంటుంది. కోచ్‌లో బాత్రూమ్ కంపు, నీళ్లు లేకపోవడం లాంటివైతే రైల్వే కంప్లైంట్ల యాప్ రైల్ మదద్‌లో ఫోటోతో పెట్టండి, పీఎన్ఆర్ వేసి కోచ్ నంబర్ సరిగ్గా రాస్తే తర్వాతి పెద్ద స్టేషన్‌లో మనిషి ఎక్కడం నేను రెండుసార్లు చూశా.

ఫ్లైట్ అయితే ఎయిర్‌పోర్ట్ ఉన్న దేవనహళ్ళి దాకా వెళ్లాక లేటని తెలిస్తే ఉండే మంట వేరు, ఆ మంటలోనే కౌంటర్ దగ్గరికి వెళ్లకండి. విమాన సంస్థల్ని చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ రూల్ ప్రకారం హైదరాబాద్, విజయవాడ లాంటి దగ్గర ఫ్లైట్లు రెండు గంటలు లేటైతే టిఫిన్, కాఫీలాంటివి వాళ్లే ఇవ్వాలి, ఆరు గంటలు దాటితే వేరే ఫ్లైటో ఫుల్ రీఫండో మనం ఎంచుకోవచ్చు. కన్ఫర్మ్ టికెట్ ఉండి కూడా ఎక్కనివ్వకపోతే, గంటలోపు బయల్దేరే వేరే ఫ్లైట్ చూపించలేకపోతే, నష్టపరిహారం కూడా ఉంది, కేసుని బట్టి 10,000 లేదా 20,000 దాకా. వాతావరణం వల్ల అయితే నష్టపరిహారం రాదు, అందుకే కారణం ఏంటో మెసేజ్‌లోనో మెయిల్‌లోనో అడిగి తీసుకోండి. లైన్‌లో నిలబడే ఫోన్‌లో కస్టమర్ కేర్‌కి కూడా చేస్తూ ఉండండి, ఏది ముందు దొరికితే అది.

ఎక్కడా పని కాకపోతే 1915, నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. చాలావరకు అక్కడే తేలిపోతాయి, కంపెనీకి అక్కడ్నుంచి కంప్లైంట్ వెళ్తే కదులుతారు. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు, మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ కూడా అక్కర్లేదు, జరిగిన రెండేళ్లలోపు వేయాలి. మూడొందల రూపాయలకి ఇంత దూరం వెళ్లాలా అనేది మీ ఇష్టం, నేనైతే వెళ్లలేదు.

మంచి సర్వీస్ దొరికినప్పుడు ఏం చేయాలో కూడా చెప్తా, అది మనం అస్సలు చేయం కాబట్టి. మా అమ్మమ్మని జయనగర్‌లో ఒక దర్శినికి తీసుకెళ్లా, ఆమెకి మోకాళ్లు నొప్పి, నిలబడి తినలేదు, ఆ మాట నేను ముందు ఆలోచించలేదు. టేబుళ్లు తుడుస్తున్న ఒక పెద్దాయన చూసి, ఎవరూ అడక్కుండానే లోపలికెళ్లి గ్యాస్ స్టవ్ పక్కనుండే ప్లాస్టిక్ స్టూల్ తెచ్చి, తన భుజం మీద తువ్వాలుతో తుడిచి గోడవారగా వేసి "కూత్కొళ్ళి అమ్మా" అన్నాడు. మళ్లీ వెళ్లి వేడి నీళ్లు కూడా తెచ్చాడు.

ఇలాంటప్పుడు టిప్ యూపీఐలో కొడితే ఓనర్ అకౌంట్‌కి పోతుంది, క్యాష్ చేతిలో పెట్టండి. పేరు అడగండి, గూగుల్ రివ్యూలో సర్వీస్ సూపర్ అని కాకుండా ఆ మనిషి పేరు, ఏం చేశాడో రెండు లైన్లు రాయండి, మా బావ వాళ్ల దగ్గర పేరుతో వచ్చిన రివ్యూలు ప్రింట్ తీసి స్టాఫ్ రూమ్‌లో అంటిస్తారట. వెళ్లేముందు కౌంటర్లో ఓనర్‌కి ఒక మాట చెప్పండి, ఆ మనిషికి వినపడేలా. నేను చెప్తే క్యాషియర్ తలెత్తి "అవరా? అవరు ఎల్లరిగూ హాగే మాడ్తారె" అన్నాడు, అందరికీ అలాగే చేస్తాడట. అమ్మమ్మ మాత్రం ఇడ్లీ అయిపోయినా స్టూల్ దిగలేదు, ఇంకో కాఫీ చెప్పమంది.