కంప్యూటర్‌లో టైం తప్పు చూపిస్తే ముళ్లు తిప్పొద్దు, ముందు టైం జోన్ చూడండి

2025 మార్చి 10, సోమవారం. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయి కొడుక్కి అమెరికా యూనివర్సిటీ ఒకదానితో వీడియో ఇంటర్వ్యూ. మెయిల్‌లో పొద్దున 9:30 ఈస్టర్న్ టైం (న్యూయార్క్ వైపు నడిచే టైం) అని ఉంది, వీడేమో మనకీ వాళ్లకీ పదిన్నర గంటల తేడా కదా అని లెక్కేసుకుని రాత్రి 8 అని ఫోన్‌లో పెట్టుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏడున్నరకే లాప్‌టాప్ ముందు కూర్చుని మెయిల్ తెరిస్తే, మీకోసం ఇరవై నిమిషాలు చూశాం అని అప్పటికే వచ్చేసి ఉంది. "అన్నయ్యా, పోయిన వారం మా ఫ్రెండ్‌కి ఇదే టైం ఇస్తే రాత్రి 8కే జరిగింది కదా" అని ఫోన్ చేశాడు, గొంతు వణుకుతోంది. వాడి లెక్క శనివారం దాకా కరెక్టే. ఆదివారం తెల్లవారుజామున అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకి జరిగాయి, పదిన్నర కాస్తా తొమ్మిదిన్నర అయింది, ఇంటర్వ్యూ మన టైం ప్రకారం 7కే. తర్వాత బతిమాలుకుని ఇంకో స్లాట్ తెచ్చుకున్నాడు కానీ ఆ రాత్రి వాడు అన్నం కూడా తినలేదు. మన విజయవాడ, గుంటూరులో ఇంటికొకళ్లు అక్కడ ఉంటారు, లేకపోతే అక్కడి కంపెనీలకి ఇక్కడి నుంచి నైట్ షిఫ్ట్ చేస్తుంటారు, అందుకే ఇది వివరంగా రాస్తున్నా.

డేలైట్ సేవింగ్ అంటే ఎండాకాలంలో సాయంత్రం వెలుతురు ఎక్కువసేపు వాడుకోవడానికి గడియారం ఒక గంట ముందుకి జరపడం. మన దేశంలో ఇప్పుడది లేదు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కొన్నాళ్లు జరిపారు, తర్వాత తీసేశారు. ఏడాది పొడుగునా మనది యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి పెట్టుకున్న మూల టైం) ప్లస్ అయిదున్నర గంటలు, దేశం మొత్తానికి ఒకటే టైం. దానికి లెక్క 82.5 డిగ్రీల రేఖాంశం, అది మన కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది, విజయవాడ దానికి కొంచెం పడమరగా 80.6 దగ్గర ఉంది కాబట్టి మనకి అసలు సూర్యుడి టైం గడియారం కన్నా సగటున ఏడు నిమిషాలు వెనక, పంచాంగంలో ఊరిని బట్టి సూర్యోదయం మారడానికి ఇదీ ఒక కారణం. అమెరికాలో మాత్రం చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం ముందుకి జరిపి నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు, 2007 నుంచి ఇదే పద్ధతి. ఇంగ్లండ్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. అంటే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ చివర్లో ఒక వారం అమెరికా ఒక లెక్కలో, లండన్ ఇంకో లెక్కలో ఉంటాయి, ఇద్దరితో కలిపి మీటింగ్ ఉన్నవాళ్లు ఆ రోజుల్లో బాగా జాగ్రత్తగా ఉండాలి.

ఇక కంప్యూటర్ సంగతి. టైం తప్పు కనిపించగానే చాలామంది గంటా నిమిషాలూ చేత్తో మార్చేస్తారు, అది చేయొద్దు. ముందు ఎంత తేడా ఉందో చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. సరిగ్గా పన్నెండున్నర గంటలో పదమూడున్నర గంటలో వెనక ఉందంటే విండోస్ కొత్తగా వేసినప్పుడు పసిఫిక్ టైం జోన్ (అమెరికా పడమటి తీరానిది) అలాగే వదిలేశారని అర్థం, షాపులో విండోస్ వేయించుకున్న సిస్టమ్స్‌లో నేను ఎక్కువగా చూసేది ఇదే. దాన్ని చేత్తో సరిచేస్తే పైకి టైం కరెక్ట్‌గానే కనిపిస్తుంది, లోపల మాత్రం సిస్టమ్ తను అమెరికాలో ఉన్నాననే అనుకుంటుంది, మీటింగ్ ఇన్వైట్లు తప్పు టైంలో పడతాయి, మార్చి రెండో ఆదివారం రాగానే విజయవాడ పటమటలో ఉన్న కంప్యూటర్ కూడా తనంతట తానే ఒక గంట ముందుకి దూకుతుంది.

తేడా సరిగ్గా అయిదున్నర గంటలైతే జోన్ యూటీసీలో ఉందో, లేదంటే ఒకే మెషీన్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయో చూడండి. బీటెక్ పిల్లల లాప్‌టాప్‌ల్లో ఈ రెండోది మామూలే, మదర్‌బోర్డ్ గడియారంలో విండోస్ మన లోకల్ టైం రాస్తుంది, లైనక్స్ యూటీసీ రాస్తుంది, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లినప్పుడల్లా గొడవ. లైనక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1 (timedatectl set-local-rtc 1) అని ఒక్కసారి కొడితే అది కూడా లోకల్ టైమే వాడుతుంది. రెండు మూడు నిమిషాల తేడా అయితే ఇంటర్నెట్ టైంతో సింక్ చేస్తే చాలు. ఏకంగా సంవత్సరాలే వెనక్కి పోయి, కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా అలాగే అవుతుంటే సెట్టింగ్స్‌తో పని లేదు, మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయింది, అది మార్చాలి. తేదీ అంత తప్పుగా ఉంటే బ్రౌజర్‌లో బ్యాంక్ సైట్లు కూడా సెక్యూర్ కాదని చెప్పి తెరుచుకోవు, దాన్ని చూసి వైరస్ వచ్చిందని కంగారుపడి ఫార్మాట్ కొట్టించినవాళ్లు నాకు తెలుసు.

విండోస్ 11లో చేసే పద్ధతి ఇది. సెట్టింగ్స్ తెరిచి టైం అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైం. సెట్ టైం ఆటోమేటికల్లీ ఆన్‌లో ఉంచండి. సెట్ టైం జోన్ ఆటోమేటికల్లీ మాత్రం, ఇంట్లోనే ఉండే సిస్టమ్ అయితే ఆఫ్ చేసేయండి, ఇంటి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్ వేసుకునేవాళ్లకి అది ఒక్కోసారి వేరే దేశం పట్టుకుంటుంది, మనకెలాగూ జోన్ మారేది లేదు కదా. టైం జోన్ లిస్ట్‌లో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న లైన్ ఎంచుకోండి, విజయవాడ పేరు ఉండదు, హైదరాబాద్ కూడా ఉండదు, వెతకొద్దు. దాని దగ్గర్లోనే శ్రీ జయవర్ధనపుర అని ఇంకో అయిదున్నర కనిపిస్తుంది, అది శ్రీలంకది, మనది కాదు. ఆ తర్వాత కిందకి వచ్చి సింక్ నౌ నొక్కితే అయిపోయింది. డేలైట్ సేవింగ్ బటన్ నొక్కడానికి రావట్లేదేంటని అడుగుతారు, ఇండియా జోన్‌కి ఆ మార్పే లేదు కాబట్టి అది పనిచేయదు, తప్పేం కాదు. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, డేట్ అండ్ టైం. లైనక్స్‌లో ఏషియా స్లాష్ కోల్‌కతా.

నైట్ షిఫ్ట్ వాళ్లకి ఒక మాట. అమెరికా టైం కనిపించాలని లాప్‌టాప్ జోన్ మొత్తం మార్చేయకండి, ఫైళ్ల టైం కూడా అమెరికా లెక్కలో కనిపించి గందరగోళం అవుతుంది. అదే డేట్ అండ్ టైం పేజీలో కింద అడిషనల్ క్లాక్స్ అని ఉంటుంది, అందులో ఇంకో రెండు గడియారాలు పెట్టుకోవచ్చు, టైం మీద మౌస్ పెడితే మూడూ కనిపిస్తాయి. ఇక్కడ జోన్ ఎంచుకోవడంలోనే అసలు తిరకాసు ఉంది. లిస్ట్‌లో యూటీసీ మైనస్ 5 దగ్గర ఈస్టర్న్ టైం ఒకటే కాదు, బొగొటా, లిమా అని ఇంకోటి కూడా ఉంటుంది, చలికాలంలో రెండూ ఒకటే టైం చూపిస్తాయి కాబట్టి తేడా తెలియదు, మార్చి వచ్చాక బొగొటా పెట్టుకున్నవాళ్లు గంట ఆలస్యం అవుతారు, ఎందుకంటే అక్కడ డేలైట్ సేవింగ్ లేదు. అంకె చూసి కాదు, ఈస్టర్న్ అనే పేరు చూసి పెట్టుకోండి. ఫీనిక్స్‌లో మనవాళ్లు ఉంటే అరిజోనా అని విడిగా ఉన్నదే తీసుకోండి, అక్కడ గడియారం మార్చరు, మనతో ఎప్పుడూ పన్నెండున్నర గంటలే.

మీటింగ్ పెట్టేటప్పుడు లెక్క మీరు వేయకండి. గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్ రాసేటప్పుడు టైం పక్కనే టైం జోన్ అని ఉంటుంది, అది నొక్కి ఈస్టర్న్ పెట్టి వాళ్లు చెప్పిన 9:30 అలాగే కొట్టండి, మన టైంలో ఎప్పుడో అదే చూపిస్తుంది, మార్చి మార్పు కూడా అదే చూసుకుంటుంది. మా తమ్ముడు ఇది చేసుంటే సరిపోయేది. ఎదుటివాళ్లు మెయిల్‌లో ఈఎస్‌టీ (చలికాలపు ఈస్టర్న్ టైం) అని రాశారు, నెల జూన్, అలాంటప్పుడు ఇప్పుడు న్యూయార్క్‌లో నడుస్తున్న టైమేనా అని ఒక్క ముక్క అడగండి, వేసవిలో నడిచేది ఈడీటీ (గంట ముందుకి జరిపిన ఈస్టర్న్ టైం) అయినా అలవాటు కొద్దీ ఈఎస్‌టీ అని రాసేవాళ్లు చాలామంది.

పటమటలో మా పిన్నికి కూడా ఇలాగే రెండో గడియారం పెట్టాను. వాళ్లబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, కాబట్టి సెంట్రల్ టైం, మనకీ వాడికీ చలికాలం పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. ఎంటర్ డిస్‌ప్లే నేమ్ అన్నచోట డల్లాస్ అని కొట్టబోతే "అదెందుకురా, చిన్నోడు అని పెట్టు" అంది, అలాగే పెట్టా. అంతకుముందు మార్చి దాటాక పిన్ని ఎప్పటిలాగే మన పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తే వాడికి రాత్రి పది కాక పదకొండు అయ్యేది, పాపని పడుకోబెట్టేశానమ్మా అనేవాడు. ఇప్పుడు ముందు మౌస్ పెట్టి చిన్నోడి టైం చూస్తుంది, చలికాలం తొమ్మిదిన్నరకి, వేసవిలో ఎనిమిదిన్నరకి చేస్తుంది.